మూడుల్ క్విజ్: 2020 నుంచి వాడుతున్న ఒక అధ్యాపకుడి సమీక్ష

ఇంజనీరింగ్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించే నేను 2020 లాక్‌డౌన్ నాటి నుంచి మిడ్ పరీక్షల బిట్లన్నీ మూడుల్ అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌లోని క్విజ్‌లోనే పెడుతున్నాను. ప్రశ్నల వరుస మార్చడం, సమయం ముగియగానే పేపరును దానంతటదే తీసుకోవడం ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్నవే.

నేను దీన్ని వదలకపోవడానికి మొదటి కారణం ఒక్కొక్కరికి వేర్వేరు అంకెలు ఇచ్చే కాలిక్యులేటెడ్ ప్రశ్నలు. లోలకం ఆవర్తన కాలం అడిగితే పొడవు ఒకరికి 0.8 మీటర్లు, పక్కవారికి 1.1 మీటర్లు వస్తుంది కాబట్టి వాట్సాప్‌లో జవాబు అందినా పనికిరాదు. పద్ధతి అందితే మాత్రం అంతమేరకు నేర్చుకున్నట్టే. అయితే తేడాకు రెండు శాతం అవకాశం ఇవ్వకపోతే, గురుత్వ త్వరణాన్ని 9.8కి బదులు 10గా తీసుకున్నవారికి అన్యాయం జరుగుతుంది.

ఒకసారి గంట పరీక్షలో నలభయ్యో నిమిషాన కరెంటు పోయిందని ఒక అమ్మాయి ఫోన్ చేసింది. జవాబులు నిమిషానికోసారి భద్రమవుతూ ఉండటం వల్ల ఆమె రాసినవన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కో విద్యార్థికి విడిగా గడువు మార్చే యూజర్ ఓవర్‌రైడ్‌లో ఆమె ఒక్కదానికే ఇరవై నిమిషాలు కలిపాను. మిగతావారి పరీక్ష కదలలేదు.

మరోసారి, బాగా చదివేవారే ఒక బిట్ తప్పు చేసినట్టు గణాంకాల పేజీలో విచక్షణ సూచిక రుణాత్మకంగా కనిపించింది. చూస్తే కీలో నేనే తప్పు పెట్టాను. సరిదిద్ది రీగ్రేడ్ నొక్కితే తరగతి మొత్తం మార్కులు మారిపోయాయి. రివ్యూ ఆప్షన్లను మాత్రం నిదానంగా చూసుకోవాలి. పరీక్ష గడువు ముగియకముందే జవాబులు కనిపించేలా వదిలేసి, రెండో బ్యాచికి కీ చేతికిచ్చిన ఘనత నాది.

పరీక్ష సమయంలో వేరే పేజీలు, యాప్‌లు తెరవనివ్వని సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌ను 3.9 వెర్షన్ నుంచి మూడుల్‌లోనే కలిపారు కానీ, అది ఆండ్రాయిడ్‌లో పనిచేయదు. మా పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది ఆ ఫోన్లే కనుక ల్యాబ్‌లో పరీక్ష పెట్టినప్పుడే వాడుతాను. కెమెరా నిఘాకు విడిగా కొన్న వేరొక సాఫ్ట్‌వేర్, విద్యార్థి వెనుకగా నాయనమ్మ నడిచి వెళ్లినా అనుమానాస్పదమని ఎర్రగీత పెట్టేది; ఆ నివేదికలు చదవడం మానేశాను.

డెరివేషన్లను ఫొటో తీసి ఎస్సే ప్రశ్నకు జతచేయించవచ్చు. రెండు సెమిస్టర్లు అలా దిద్ది, మసక ఫొటోలతో కళ్లు లాగి, వాటిని మళ్లీ కాగితం మీదే రాయిస్తున్నాను.