లక్ష ల్యూమెన్స్ టార్చ్ కొంటున్నారా? ముందు ఆ అంకెలు చూడండి

ఎమర్జెన్సీ కోసం చిన్న టార్చ్ వెతుకుతున్నవాళ్లకి ఒక హెచ్చరిక. "1,00,000 ల్యూమెన్స్, 9900 ఎంఏహెచ్ బ్యాటరీ, మిలిటరీ గ్రేడ్, వాటర్‌ప్రూఫ్" అని రాసి, అరచేతిలో ఇమిడే టార్చ్ ఎక్కడ కనిపించినా కొనకండి. (ల్యూమెన్స్ అంటే వెలుగు కొలత, ఎంఏహెచ్ అంటే బ్యాటరీ ఎంత చార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత.) అలాంటిదొకటి నేను కొన్నాను. వచ్చిన రోజు గదిలో వేసి చూస్తే బ్రహ్మాండంగా వెలిగింది. తీరా గాలివానకి కరెంటు పోయి, దానితో నిజంగా పని పడిన రాత్రి, కాసేపటికే వెలుగు సగానికి సగం పడిపోయింది. నాలుగు చినుకులు పడేసరికి అద్దం లోపల ఆవిరి పట్టింది. ఆ తర్వాత టార్చ్ తల మీద తడితే వెలగడం, కదిపితే ఆరిపోవడం. అమ్మినవాళ్లకి ఫొటోలతో సహా రాస్తే రిటర్న్ గడువు దాటిందని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు.

ఈ మోసాన్ని కొనకముందే పట్టుకోవచ్చు. వాళ్లు వేసిన అంకెలే వాళ్లని పట్టిస్తాయి.

ముందు బ్యాటరీ సంగతి. ఇలాంటి టార్చ్‌లలో ఎక్కువగా వాడేది 18650 సెల్. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి ఆ పేరు. పేరున్న కంపెనీల మంచి సెల్ కూడా సాధారణంగా 3500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది. ఆ సైజులో 9900 అని రాసి ఉందంటే అది పచ్చి అబద్ధం. అసలు సెల్ 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. నాకొచ్చినదాన్ని కాటా మీద పెడితే అందులో సగం కూడా లేదు.

ఇక ల్యూమెన్స్. మంచి ఎల్ఈడీ ఒక వాట్ కరెంటుతో 200 ల్యూమెన్స్ ఇస్తుందని ఉదారంగా అనుకుందాం. లక్ష ల్యూమెన్స్‌కి 500 వాట్లు కావాలి. నికార్సైన 18650 సెల్‌లో ఉండేది సుమారు 12, 13 వాట్ అవర్లు, అంటే 12, 13 వాట్లని గంటసేపు ఇచ్చేంత శక్తి. అంత కరెంటు ఆ సెల్ ఇవ్వలేదు, ఇచ్చిందే అనుకున్నా నిమిషంన్నరలో ఖాళీ. ఆ వేడికి టార్చ్‌ని చేత్తో పట్టుకోవడం కూడా కుదరదు. నిజం చెప్పాలంటే కరెంటు పోయిన ఇంట్లో తిరగడానికి 20 నుంచి 50 ల్యూమెన్స్ చాలు. గంటల తరబడి వెలిగే తక్కువ వెలుగు మోడ్ ఉందా లేదా అన్నది చూడాలి గానీ, ఆ లక్ష మనకెందుకు?

"మిలిటరీ గ్రేడ్" అన్న మాటకి టార్చ్‌ల విషయంలో విలువేమీ లేదు. ఎవరైనా రాసుకోవచ్చు. దానికి బదులు, టార్చ్‌లని ఎలా పరీక్షించి కొలవాలో చెప్పే ఎఫ్ఎల్ 1 ప్రమాణం ప్రకారం కొలిచారా అని చూడండి. 2009లో వచ్చిన ఈ ప్రమాణంలో వెలుగుని స్విచ్ వేసిన క్షణంలో కాకుండా కనీసం 30 సెకన్లు ఆగి కొలుస్తారు. కింద పడితే తట్టుకుంటుందని చెప్పాలంటే కనీసం ఒక మీటరు ఎత్తు నుంచి పడేసి పరీక్షించాలి. ఇందులోనూ ఒక తిరకాసుంది. వెలుగు మొదటిదాంట్లో 10 శాతానికి పడిపోయేదాకా ఉన్న సమయాన్నంతా "రన్‌టైమ్" కిందే లెక్కేస్తారు. అందుకే ఎంతసేపటికి వెలుగు ఎలా తగ్గుతుందో గ్రాఫ్ పెట్టిన కంపెనీ మీద నాకు నమ్మకం ఎక్కువ.

వాటర్‌ప్రూఫ్ అని ఊరికే రాస్తే సరిపోదు, నంబరు ఉండాలి. ఐపీఎక్స్4 అంటే చినుకులకి, చిందే నీళ్లకి ఓర్చుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది. నాది తల ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ రకం. జరిపిన ప్రతిసారీ లోపలికి గాలి పోతుంది, దాంతోపాటే తడి కూడా. ఎమర్జెన్సీకి చౌక జూమ్ టార్చ్ వద్దనే అంటాను.

బ్యాటరీ లోపలే సీల్ చేసి ఉన్నవి కూడా నాకు నచ్చవు. రెండ్రోజులు కరెంటు లేకపోతే దాన్ని దేనితో చార్జ్ చేస్తాం? ఎక్కడైనా దొరికే ఏఏ సెల్స్‌తో నడిచేదైతే ఆ టెన్షన్ ఉండదు. కాకపోతే ఆల్కలైన్ సెల్స్‌ని టార్చ్‌లో పెట్టి నెలల తరబడి మర్చిపోతే అవి కారి స్ప్రింగ్‌ని తినేస్తాయి. విడిగా తీసి పక్కనే ఉంచండి, లేదా చార్జ్ చేయకూడని, ఒక్కసారే వాడే 1.5 వోల్టుల లిథియం ఏఏ సెల్స్ వేయండి.

ఏది కొన్నా రిటర్న్ గడువు లోపలే ఫుల్ చార్జ్ చేసి, ఆరిపోయేదాకా వెలిగించి చూడండి, వీడియో తీసి పెట్టుకోండి. నాలాంటి టార్చ్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, దాన్ని రాత్రి చార్జింగ్‌లో పెట్టి పడుకోవద్దు. ఇలాంటి నకిలీ సెల్స్‌లో చాలావాటికి ఓవర్ చార్జింగ్‌ని ఆపే సర్క్యూట్ ఉండదు, మంటలు రావచ్చు. సెల్ తీసి, రెండు కొసలకీ టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. మామూలు చెత్తబుట్టలో మాత్రం వేయకండి.