వీవీప్యాట్: ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా వాడి చూశాక నా రివ్యూ

ఎలక్షన్ డ్యూటీలు చేసిన టీచర్‌గా చెబుతున్నాను. ఈవీఎం సెట్‌లోని మూడు పెట్టెల్లో ఎక్కువ టెన్షన్ పెట్టేది వీవీప్యాటే, అంటే ఎవరికి ఓటు పడిందో కాగితం స్లిప్పు మీద ప్రింట్ చేసి ఓటరుకు చూపించే పెట్టె. ఓట్లను దాచుకునే కంట్రోల్ యూనిట్, ఓటరు మీట నొక్కే బ్యాలట్ యూనిట్ మొండివి. బ్యాటరీ మీద నడుస్తాయి కాబట్టి కరెంటు పోయినా బెంగ లేదు. వీవీప్యాట్‌లో మాత్రం ప్రింటర్, కాగితం చుట్ట, సెన్సర్లు ఉంటాయి. ఏదో ఒకటి మొరాయించడానికి అవి చాలు.

వెనకవైపు ఒక నాబ్ ఉంటుంది. పెట్టెను మోసుకెళ్లేటప్పుడు అడ్డంగా, పోలింగ్‌కు నిలువుగా తిప్పాలి. కాగితం చుట్టకు లాక్ అదే. అంత ముఖ్యమైనదాన్ని ఎదురుగా కనపడేట్టు పెట్టాల్సింది. తెల్లవారుజామున లేచి, అభ్యర్థుల ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్ల మాక్ పోల్‌కు (పోలింగ్‌కు ముందు ఉత్తుత్తి ఓట్లతో చేసే పరీక్షకు) సిద్ధమయ్యే సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని చేసిన డిజైన్ కాదిది.

వెలుతురుతో ఇంకో తంటా, అది ఎక్కువైతే సెన్సర్ సరిగా పనిచేయదు. కిటికీ పక్కన, బల్బు కింద పెట్టొద్దని ట్రైనింగ్‌లో పదేపదే చెబుతారు. 2018 మేలో ఉత్తరప్రదేశ్‌లోని కైరానా ఉప ఎన్నికలో వీవీప్యాట్లు పెద్ద సంఖ్యలో మొరాయించి 73 బూత్‌లలో రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత సెన్సర్‌కు వెలుతురు తగలకుండా హుడ్ (మూత) పెట్టారు, తేమను తట్టుకునే కాగితం తెచ్చారు. ఇది మెచ్చుకోవాల్సిన మార్పు.

ప్రింటర్ ఆగితే పోలింగూ ఆగుతుంది. వీవీప్యాట్ ఒక్కటే చెడితే దాన్ని మారిస్తే సరిపోతుంది. మిగతా రెండింట్లో ఏది చెడినా సెట్ మొత్తం మార్చి, నోటాతో సహా ప్రతి అభ్యర్థికీ ఒక్కో ఓటు వేసి మళ్లీ మాక్ పోల్ చేయాలి. ఆలోపు కూలి పని మానుకుని వచ్చినవాళ్లు, చంటిపిల్లల తల్లులు క్యూలోంచి వెళ్లిపోతే మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అయినా కాగితం లేని మెషీన్ కావాలని మాత్రం అడగను. 2004లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం కార్టరెట్ కౌంటీలో మెమరీ నిండిపోయినా మెషీన్ ఓట్లు తీసుకుంటూనే పోయింది. 4,438 ఓట్లు గల్లంతయ్యాయి, తిరిగి లెక్కపెడదామంటే కాగితమే లేదు. 2003లో బెల్జియంలోని షార్‌బీక్‌లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అదనంగా పడ్డాయి. అన్ని ఓట్లు రావడం అసాధ్యమని తేలబట్టి దొరికింది గానీ, తక్కువ తేడా అయితే ఎవరికి తెలిసేది? కళ్లెదుట ఆగిపోయే మెషీన్‌ను మార్చుకోవచ్చు. తప్పు లెక్క చెబుతూ నడిచే మెషీన్‌తోనే అసలు ప్రమాదం.

ఐదుకు మూడున్నర ఇస్తాను. స్లిప్పు ఏడు సెకన్లే కనిపిస్తుంది, చూపు ఆనని పెద్దవాళ్లకు అది చాలదు. అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఐదు వీవీప్యాట్ల స్లిప్పులే లెక్కిస్తున్నారు, ఆ సంఖ్య పెంచాలి. కొన్ని బూత్‌లను కలిపి చూసుకునే ప్రతి సెక్టార్ ఆఫీసర్ దగ్గరా రిజర్వ్ వీవీప్యాట్లు ఇంకొన్ని ఎక్కువ ఉంచాలి.