ఆయిలా, అక్రిలిక్కా? మల్లి బొమ్మ రెండుసార్లు వేశాక

మల్లి చెన్నై దగ్గర తాంబరంలో మా వదిన పెంచిన రాజపాళయం కుక్క. ఒళ్లంతా తెలుపు, ముక్కు గులాబీ. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయంలో తెలుగు మాట్లాడే రాజులు చాలామంది ఉన్నారు. అందుకేనేమో ఆ జాతి కుక్క అంటే వదినకు పుట్టింటి ప్రాణి అన్నంత మమకారం. అది పోయాక, "మరిదిగారూ, దాని బొమ్మ ఒకటి వేసి పెడతారా?" అని అడిగింది. ఒకే ఫోటో చూసి 12 × 16 అంగుళాల కాన్వాసుల మీద రెండు వేశాను, ఒకటి ఆయిల్ రంగులతో, ఒకటి అక్రిలిక్‌తో.

అక్రిలిక్‌లో నీరు ఆవిరైతే చాలు, రంగు బిగుస్తుంది. ఆయిల్‌లో అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడాలి. అందులోనూ అన్ని రంగులూ ఒకేలా ఆరవు. మాంగనీసు ఉన్న ముదురు గోధుమ రంగు బర్న్‌ట్ అంబర్ త్వరగా ఆరుతుంది, టైటానియం వైట్ మాత్రం నత్తనడక. మల్లి ఒళ్లంతా తెలుపే కనుక నాకు ఒక్కో పూతకు వారం పట్టింది.

వెంట్రుకల దగ్గర అక్రిలిక్‌కు తిరుగులేదు. తెల్ల కుక్కను తెలుపుతో మొదలుపెట్టకూడదు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ అంబర్ కలిపి, తెలుపుతో పలచబరిచిన బూడిద నీలం అడుగున వేసి, దాని మీద లేత పసుపు తగిలిన తెలుపు, చివరికి వెలుగు పడే చోట మాత్రమే అసలు తెలుపు. సన్న కుంచెతో, వెంట్రుక మొలిచిన దిక్కుకే గీత లాగాలి. అక్రిలిక్‌లో ఒక్క మధ్యాహ్నంలో ఆరు పూతలు పడ్డాయి. ఆయిల్‌లో తొందరపడితే కొత్త గీత కింది తడిని పైకి లాగి మెడ దగ్గర అంతా బురద చేసింది.

కానీ మూతి దగ్గర ఆయిల్ గెలిచింది. గులాబీ ముక్కు తెల్లటి బుగ్గలోకి ఎక్కడ కలిసిందో తెలియకూడదు. అక్కడ ఆయిల్ రంగును మరునాడు కూడా మెత్తగా కలుపుకోవచ్చు. అక్రిలిక్‌కు అంత ఓపిక లేదు. ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనే మే ఎండల్లో, ఫ్యాను కింద, పాలెట్ మీదే తోలు కట్టేస్తుంది. మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడి గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి రంగులు పెట్టుకున్నాకే నాకు పని సాగింది. ఇంకో తిప్పలు: అక్రిలిక్ రంగులో, తడిగా ఉన్నప్పుడు పాలలా ఉండే జిగురు ఆరాక పారదర్శకమవుతుంది, దాంతో రంగు ఒక మెట్టు ముదురుతుంది. సాయంత్రం సరిగ్గా కుదిరిన ముక్కు ఉదయానికి దెబ్బ తగిలినట్టు కనిపించింది. చిత్తు కాగితం మీద చుక్క ఆరబెట్టి చూడందే ముఖం మీద పెట్టకండి.

ధరలో నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఇంట్లో వాసనలో మాత్రం ఉంది. వానల్లో కిటికీలు మూసుకున్న రెండు గదుల ఫ్లాటులో, ఆయిల్ రంగులను పలచబరిచే టర్పెంటైన్ వాసన భరించడం కష్టం. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదమూ ఉంది. నీళ్లలో ముంచి ఉంచాలి.

అలాగని మద్రాసు ఎండ అక్రిలిక్‌కు చుట్టమేమీ కాదు. వేడికి ఆ పొర కాస్త మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది. ఇల్లు మారేటప్పుడు రెండు కాన్వాసులు ముఖాముఖి ఆనించాను. విడదీస్తే మల్లి చెవి అంచు రెండోదాని మీదికి వెళ్లిపోయింది. వార్నిష్ వేసినా మధ్యలో కాగితం తప్పదు. పూర్తయిన అక్రిలిక్‌కు వారం రెండు వారాల్లో వార్నిష్ వేసుకోవచ్చు, ఆయిల్‌కు ఆరు నెలలైనా ఆగాలి.

మొదటిసారి వేసేవారికి, ముఖ్యంగా పొమేరియన్‌లాంటి బొచ్చు కుక్కకు, అక్రిలిక్కే మేలంటాను. నున్నటి ఒళ్లున్న కుక్క, ఆరబెట్టే చోటు, ఆగే ఓపిక మూడూ ఉంటే ఆయిల్.

చెవి దిద్దిన అక్రిలిక్ బొమ్మను వదిన హాల్లో తగిలించుకుంది. ఆయిల్ బొమ్మను చాలాసేపు చూసి, "ఒళ్లు అందులో ఉంది, చూపు ఇందులో ఉంది" అంది. ఆరిన అక్రిలిక్ మీద ఆయిల్ వేయవచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు. మూడో కాన్వాసు మీద ఒళ్లంతా అక్రిలిక్‌తో పూర్తయింది. కళ్లూ ముక్కూ ఖాళీగా ఉంచాను, ఆయిల్ ట్యూబులు తెచ్చుకోవాలి.