ఆఫ్రికా వేటకి "కంప్లీట్ సఫారీ కిట్" కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఫోన్‌లో ఒకసారి ఆఫ్రికా వేట గురించి వెతికితే చాలు, ఇక వరుసగా ఒకటే ప్రకటన. "మీరు ఏమీ వెతుక్కోనక్కర్లేదు. బట్టలు, బూట్లు, గన్ కేసు, అడాప్టర్, ఫారాలు అన్నీ ఒకే పెట్టెలో మీ ఇంటికి." ధర 1,900 డాలర్లకు కాస్త తక్కువ. అందులో 150 డాలర్లు "పేపర్‌వర్క్ సపోర్ట్" కింద. అది నమ్మి నేనూ కొన్నాను. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు, డబ్బు వాపసు గొడవ ఇంకా తేలలేదు. పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదు లెండి, ఇలాంటి కిట్లు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. పెట్టెలో ఏం పెడుతున్నారు, ఏం పెట్టడం లేదు అన్నది తెలిస్తే మీ డబ్బులు మిగులుతాయి.

వేట తప్పా ఒప్పా అనే చర్చకి దయచేసి ఈ పోస్టుని వాడొద్దు. మన దేశంలో వన్యప్రాణుల వేట 1972 చట్టం కింద నేరం. దక్షిణాఫ్రికాలో ప్రైవేటు గేమ్ ఫార్ముల్లో, అంటే వేట జంతువులని పెంచే పొలాల్లో, అది అనుమతితో చట్టబద్ధంగా జరిగే వ్యాపారం. టెక్సస్‌లో డీర్ లీజులు (జింకల వేటకి భూమి కౌలు) తీసుకుని ఏటా సీజన్‌కి వెళ్లే తెలుగువాళ్లు కొందరం ఉన్నాం. మాలో కొందరి చూపు ఇప్పుడు దక్షిణాఫ్రికాలోని లింపోపో రాష్ట్రం వైపు మళ్లింది. ఈ పోస్టు అలాంటివాళ్ల కోసం.

అన్నిటికన్నా దారుణం గన్ కేసు. ప్రకటనలో "ఎయిర్‌లైన్ అప్రూవ్డ్" అని పెద్దక్షరాలతో ఉంది. వచ్చింది పలచటి ప్లాస్టిక్ పెట్టె, మధ్యలో ఒక్కటే తాళం. ఎయిర్‌పోర్టులో రైఫిల్ డిక్లేర్ చేయగానే కౌంటర్ దగ్గర ఉన్నావిడ పెట్టె మూలని రెండు వేళ్లతో పైకి లాగింది. చెయ్యి దూరేంత సందు వచ్చింది. "ఇది తీసుకోను" అంది, అంతే. ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. అమెరికాలో నిబంధన ప్రకారం తుపాకీ ఖాళీగా ఉండాలి, గట్టి పెట్టెలో ఉండాలి, తాళం వేశాక ఏ మూల నుంచీ లోపలికి చెయ్యి వెళ్లకూడదు. తాళంచెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. మధ్యలో ఒక్క తాళం ఉన్న పొడవాటి పెట్టె ఈ పరీక్షలో నెగ్గడం కష్టం. చివర్ల దగ్గర కూడా తాళం పడాలి. మా బావమరిది కారేసుకుని పరిగెత్తి, దొరికిన షాపులో అల్యూమినియం కేసు కొనుక్కొచ్చాడు కాబట్టి ఫ్లైట్ అందింది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మీరు ఏ కేసు కొన్నా ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. తాళాలన్నీ వేసి, నాలుగు మూలలా గట్టిగా లాగి చూడండి. కదిలితే తిప్పి పంపేయండి.

కిట్‌తో వచ్చిన కాగితంలో "తూటాలు రైఫిల్‌తో పాటే అదే కేసులో పెట్టుకోవచ్చు, 200 వరకు అనుమతి" అని రాశారు. ఇది సగం నిజం, కాబట్టే ప్రమాదం. దక్షిణాఫ్రికా ఒక్కో రైఫిల్‌కి 200 రౌండ్ల వరకు రానిస్తుంది. కానీ విమానంలో ఒక్కో ప్రయాణికుడికి 5 కిలోలే పరిమితి, డబ్బా బరువుతో కలిపి. రైఫిల్ కేసులోనే తూటాలు పెట్టడం అమెరికా లోపలి ఫ్లైట్లలో చెల్లుతుంది గానీ, అంతర్జాతీయ ఫ్లైట్లలో చాలా ఎయిర్‌లైన్స్ వాటికి వేరే తాళం పెట్టె కావాలంటాయి. ఎవరి రూల్ ఏంటో టికెట్ కొన్న ఎయిర్‌లైన్‌నే అడగాలి, ఈమెయిల్‌లో అడిగి ఆ జవాబు ప్రింట్ తీసి పెట్టుకోవాలి. కూడూ, ఇంపాలా, గెమ్స్‌బాక్ లాంటి జింకల వేటకి 40 నుంచి 60 రౌండ్లు తీసుకెళ్తే మనం దిగే వేట క్యాంపులో టార్గెట్ మీద రైఫిల్ స్కోప్ (గురి చూసే దుర్బీను) సరిచూసుకోవడానికి కూడా పోను మిగులుతాయి. 200 మోసుకెళ్లడం ఎందుకు?

ఇక ఆ 150 డాలర్ల "పేపర్‌వర్క్ సపోర్ట్" సంగతి. డబ్బు పుచ్చుకుని వాళ్లు పంపింది ఎస్ఏపీఎస్ 520 ఫారం ప్రింట్. దక్షిణాఫ్రికాలోకి తుపాకీని తాత్కాలికంగా తెచ్చుకోవడానికి అక్కడి పోలీసులు అడిగే ఫారం అది. ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, పర్మిట్‌కి కూడా ఫీజు లేదు. సరే, డబ్బు పోతే పోయింది అనుకుందాం. సంతకం ఉండాల్సిన చోట పసుపు స్టిక్కర్ అంటించి "ఇంట్లోనే సంతకం చేసి ఉంచుకోండి" అని రాశారు! అది పెద్ద తప్పు. ఫారం నల్ల ఇంకుతో ముందే నింపుకోవాలి, కానీ సంతకం మాత్రం జోహన్నెస్‌బర్గ్‌లో దిగాక, ఓఆర్ టాంబో ఎయిర్‌పోర్టులోని పోలీసు ఆఫీసులో, ఆఫీసరు ఎదురుగా చేయాలి. ఈ సంగతి మాకు క్యాంపు వాళ్ల ఈమెయిల్‌లో తెలిసింది కాబట్టి ఆ స్టిక్కర్‌ని పట్టించుకోలేదు.

అంతకన్నా ముఖ్యమైన కాగితం గురించి ఆ కిట్‌లో ఒక్క ముక్క లేదు. అమెరికా నుంచి వెళ్లేవాళ్లకి కస్టమ్స్ ఫారం 4457 కావాలి. బయల్దేరేముందే రైఫిల్‌ని ఖాళీగా, కేసులో పెట్టుకుని దగ్గర్లోని కస్టమ్స్ ఆఫీసుకి తీసుకెళ్తే, సీరియల్ నంబరు చూసి ముద్ర వేసి ఇస్తారు. ఇదీ ఉచితమే. ఈ రైఫిల్ మీదే అని జోహన్నెస్‌బర్గ్‌లో పోలీసులు నమ్మేది ఆ కాగితం చూసే. తిరిగి అమెరికాలో దిగినప్పుడు ఇది బయట కొన్నది కాదు అని చూపించేదీ అదే. దాంతోపాటు క్యాంపు వాళ్ల ఆహ్వాన లేఖ, రానూ పోనూ టికెట్, పాస్‌పోర్టు కాపీలు. ఫారంలోని నంబరూ తుపాకీ మీద చెక్కిన నంబరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు రెండు ఉన్నాయో లేదో చూసుకోండి, దక్షిణాఫ్రికా వాళ్లు దాని దగ్గర గట్టిగా ఉంటారు. ఇండియన్ పాస్‌పోర్టు మీద గ్రీన్‌కార్డుతో ఉన్నవాళ్లకి వీసా కూడా కావాలి, దాన్ని చివరి వారానికి పెట్టుకోవద్దు.

బట్టల దగ్గరికి వద్దాం. కిట్‌లో ఆరు జతలు, అన్నీ మిలిటరీ చారల కామోఫ్లాజ్. టెక్సస్ వేటకి మనకి అలవాటే కాబట్టి చూడగానే అనుమానం రాదు. కానీ జింబాబ్వే, జాంబియాల్లో మామూలు జనం కామోఫ్లాజ్ వేసుకోవడం చట్టవిరుద్ధం. లింపోపోలో వేట ముగించి ఆ రెండు దేశాల మధ్య ఉన్న విక్టోరియా ఫాల్స్ చూసి వద్దామనుకునేవాళ్లు ఎందరో! బ్యాగులో ఆ బట్టలతో సరిహద్దు దాటితే ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి? మా పీహెచ్, అంటే వెంట ఉండి వేట నడిపించే ప్రొఫెషనల్ హంటర్, ఒకే వాక్యంలో తేల్చేశాడు: "ఖాకీ, ఆలివ్, బ్రౌన్ తెచ్చుకోండి, మూడు జతలు చాలు." మూడే ఎందుకంటే క్యాంపులో రోజూ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తారు. ఆరు జతలు అమ్మేవాడు ఈ మాట ఎందుకు చెప్తాడు?

ఆ సరిహద్దులోనే ఉన్న జాంబెజీ లోయ వైపు వెళ్లేవాళ్లకి ఇంకో సంగతి. ముదురు నీలం, నలుపు రంగులకి త్సెత్సె ఈగలు మూగుతాయి. కిట్‌లో వచ్చిన చలికోటు ముదురు నీలమే.

ఆ కోటు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆఫ్రికా అంటే ఎండ అని మనవాళ్లందరి ఊహ. జూన్, జూలై అక్కడ చలికాలం. లింపోపోలో తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దాకా దిగే రోజులుంటాయి. అప్పుడు మీరు కూర్చునేది టాపు లేని బక్కీ వెనక, పికప్ ట్రక్కుని అక్కడ అలాగే అంటారు. గాలి ఎముకల్లోకి దూరుతుంది. ప్రకటనలో "ఇన్సులేటెడ్" అన్న కోటు లోపల దూది కాదు కదా, సరైన లైనింగ్ కూడా లేదు. మధ్యాహ్నానికి మాత్రం చొక్కా చాలు. కాబట్టి ఒక మంచి ఫ్లీస్, దాని మీద గాలి దూరని కోటు, ఉన్ని టోపీ, చేతికి గ్లోవ్స్. విప్పుకుంటూ పోవడానికి వీలుగా పొరలు పొరలుగా వేసుకోవాలి.

బూట్లు కాళ్లకి ఇనుపగుండ్లు కట్టినట్టున్నాయి. మందపాటి గట్టి అడుగు, రాళ్ల మీద ప్రతి అడుగూ చప్పుడే. అక్కడ ట్రాకర్ (జంతువు జాడ పట్టేవాడు) వెనకాల గంటల తరబడి నడవాలి, గాలి దిశ చూసుకుంటూ, శబ్దం లేకుండా. తేలికైనవి, మెత్తటి అడుగు ఉన్నవి, చీలమండ దాకా వచ్చేవి తీసుకుని కనీసం నెల ముందు నుంచి తొడిగి నడవండి. కొత్త బూట్లు పెట్టెలోంచి తీసి నేరుగా ఆఫ్రికాలో వేసుకోవద్దు. గడ్డి గింజలు మేజోళ్లలోకి దూరకుండా బూటు పైన చీలమండకి చుట్టే పొట్టి గెయిటర్లు పెట్టుకోండి. ముళ్ల సంగతి వేరే చెప్పాలా, మన తుమ్మచెట్ల చుట్టాలన్నీ అక్కడే ఉన్నాయి, సింథటిక్ ప్యాంటు ఒక్క పూటలో చిరిగి చీలికలవుతుంది. మందపాటి కాటన్ మేలు.

ప్యాంట్లకి "పురుగుల మందు పట్టించాం" అని కూడా రాశారు. నిజంగా పెర్మెత్రిన్ పట్టించిన బట్టలకి అమెరికాలో ఈపీఏ (పర్యావరణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరుతో లేబుల్ ఉంటుంది. వీటికి లేదు. ఇది చిన్న విషయం కాదు. అక్కడ గడ్డిలో పిడుదులు కుడితే టిక్ బైట్ ఫీవర్ వస్తుంది. మందులకి తగ్గేదే, కానీ సరైన సమయానికి డాక్టరుకి చూపించుకోవాలి. పెర్మెత్రిన్ స్ప్రే మీరే కొని ప్రయాణానికి ముందు బట్టలకి పట్టించుకోండి, ప్యాంటు అంచులు మేజోళ్లలో దోపుకోండి, సాయంత్రం స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా చూసుకోండి. మలేరియా మాత్రలు కావాలా వద్దా అన్నది గేమ్ ఫార్మ్ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. క్రూగర్ పార్కు వైపు, ఉత్తర సరిహద్దు వైపు మలేరియా ఉంది, ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో ఆ బెడద లేదు. గేమ్ ఫార్మ్ ఉన్న జిల్లా పేరు చెప్పి డాక్టరునే అడగండి.

చిన్నదే గానీ ఒళ్లుమండే విషయం ఒకటి. "యూనివర్సల్ అడాప్టర్" అన్నారు, 150 దేశాల్లో పనిచేస్తుందన్నారు, దక్షిణాఫ్రికా గోడకి మాత్రం పట్టలేదు. అక్కడివి పెద్ద గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గులు, టైప్ ఎం అంటారు. మన ఇళ్లలో ఏసీకి, గీజర్‌కి వాడే పెద్ద ప్లగ్ దాదాపు అలాంటిదే. యూనివర్సల్ అని అమ్మే చాలావాటిలో ఈ పిన్నులు ఉండవు. టైప్ ఎం అని రాసి ఉన్నది విడిగా కొనండి.

కిట్‌లో షూటింగ్ స్టిక్స్ కూడా పెట్టి ధర పెంచారు. మూడు కాళ్ల ఆ కర్రలు పీహెచ్ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. అయితే వాటి మీద రైఫిల్ ఆనించి నిలబడి కాల్చడం ఇక్కడి రేంజిలోనే సాధన చేసి వెళ్లాలి, టెక్సస్ బ్లైండ్‌లో (జంతువుకి కనపడకుండా దాక్కునే గూడు) కూర్చుని కాల్చే అలవాటు అక్కడ అక్కరకు రాదు. ఇక బైనాక్యులర్స్ మంచివి, తలకి కట్టుకునే లైటు, మీరు రోజూ వేసుకునే మందులు వాటి అసలు డబ్బాల్లోనే, పీహెచ్‌కి ట్రాకర్‌కి వంటవాళ్లకి టిప్పుగా ఇవ్వడానికి డాలర్ నోట్లు. పవర్‌బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. నిజానికి జాబితా ఇంతే. ఇంట్లో ఉన్నవి పోను కొనాల్సినవి మహా అయితే నాలుగైదు.

అసలు రైఫిల్ మోసుకెళ్లాలా అన్నది కూడా ఆలోచించండి. చాలా క్యాంపుల్లో అద్దెకి ఇస్తారు, తూటాలు కూడా వాళ్ల దగ్గరే దొరుకుతాయి. ఫారం 520, 4457, గన్ కేసు, ఎయిర్‌లైన్ ఈమెయిళ్లు అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకైతే ఇదే సుఖం. కిట్ అమ్మేవాడు ఈ మాట చచ్చినా చెప్పడు. ఇంకొకటి, కొమ్ములూ తోళ్లూ గుంటూరుకో హైదరాబాద్‌కో బహుమతిగా పట్టుకెళ్లే ఆలోచన అసలు పెట్టుకోకండి. "అన్నా, ఒక్క కొమ్మే కదా" అని అడిగే తమ్ముళ్లు ఉంటారు. అది కస్టమ్స్ కేసు.

వాపసు సంగతికి వస్తే, ఫోన్ ఎత్తరు. ఈమెయిల్‌కి జవాబుగా "సీలు తీసిన వస్తువులు వెనక్కి తీసుకోం, తీయనివాటికి 25 శాతం కోత" అన్నారు. పెట్టె సీలు తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి. క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి కార్డు కంపెనీకి ఫిర్యాదు చేశాను. అమెరికాలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఆ బిల్లు పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా డిస్ప్యూట్ వేయాలి. డెబిట్ కార్డుకీ, జెల్ (Zelle) లాంటి డబ్బు పంపే యాప్‌లకీ ఇంత రక్షణ ఉండదు. కొనేరోజే ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నా ఫిర్యాదు వెళ్లాక వాళ్ల పేజీలో గన్ కేసు పక్కన "ఎయిర్‌లైన్ అప్రూవ్డ్" పోయి "ట్రావెల్ ఫ్రెండ్లీ" అని వచ్చింది. పాత పేజీ ఫోటో నా దగ్గర ఉంది, అదే కార్డు కంపెనీకి పంపాను. డబ్బు తాత్కాలికంగా ఖాతాలో వేశారు, తుది నిర్ణయం రావాలి. వచ్చాక ఇక్కడే రాస్తాను.