ఐదు రోజుల పచ్చిక శిక్షణ: మైదానంలో గడిపిన రెండున్నర రోజులకే నా ఓటు

పన్నెండేళ్లుగా గడ్డి కోస్తున్నాను. మొదటి నాలుగేళ్లు పార్కులో, ఆ తర్వాత ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో. అలాంటి నన్ను "వెళ్లి గడ్డి కోయడం నేర్చుకుని రా" అంటూ ట్రైనింగ్‌కి పంపితే కాస్త రోషం వచ్చిన మాట నిజం. పార్కులు, ఆటస్థలాల సిబ్బంది కోసం నడిపే ఐదు రోజుల కోర్సు అది. నాతో కలిపి ఇరవై నాలుగు మందిమి. సర్టిఫికెట్ చేతికొచ్చి మూడు నెలలైంది. నేర్చుకున్నవాటిలో ఏది పనికొచ్చిందో, ఏది గాలికి పోయిందో ఇప్పుడు తేలింది కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెర మీద బొమ్మలే. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన, గోల్ఫ్ గ్రీన్ మీద బంతి ఎంత వేగంగా దొర్లుతుందో కొలిచే పట్టీ తయారుచేశాడట. దాని మీద గంట చెప్పారు. మాలో గోల్ఫ్ మైదానంలో పనిచేసేవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లం ఆవలింతలు ఆపుకోలేక చచ్చాం.

రెండో రోజు పొద్దున బయటికి తీసుకెళ్లారు. అక్కణ్నుంచి కథ మారింది. ట్రైనర్ ముందు రోజే ఒకే గడ్డిని రెండు ముక్కలుగా కోయించి ఉంచాడు. ఒకటి పదునైన బ్లేడుతో, ఇంకొకటి మొద్దుబారిన దాంతో. మా అందరి చేతా రెండు వైపుల నుంచీ ఒక్కో గడ్డి పోచ తెంపించి, భూతద్దం ఇచ్చాడు. మొదటిదాని కొస కత్తెరతో కత్తిరించినట్టు నున్నగా ఉంది. రెండోది చింపిన గుడ్డ అంచులా పీచుపీచుగా ఉంది, కొసలు తెల్లబడుతున్నాయి. అది చూడగానే నా గుండెలో రాయి పడింది. కోసిన రెండో రోజుకల్లా నా గ్రౌండ్ మీద ఒక తెల్లటి జీర కనిపిస్తుంది. నీళ్లు చాలడం లేదేమో అనుకుని ఇన్నేళ్లూ ఇంకాసిని నీళ్లు పెడుతూ వచ్చాను. తప్పు నీళ్లది కాదు, నా బ్లేడుది.

ఆ పూటంతా బ్లేడు పనే. అన్నిటికన్నా ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకేయించాడు. అది పీకకుండా బ్లేడు దగ్గరికి చెయ్యి పోనిచ్చినవాణ్ని పక్కన నిలబెట్టేశాడు. ఆకురాయితో ఎలా రుద్దాలో చేసి చూపించాడు. రుద్దాక బ్లేడుని నడిమి రంధ్రంతో మేకుకి తగిలిస్తే ఏ వైపు బరువు ఉందో ఆ వైపు వాలుతుంది. వాలిన వైపే ఇంకాస్త రుద్దాలి. లేకపోతే మెషిన్ వణుకుతుంది, బేరింగులు పోతాయి. రీల్ మొవర్‌కైతే, అంటే తిరిగే రీలు బ్లేడ్లు కింది కదలని బ్లేడుతో కలిసి కత్తెరలా కోసే మెషిన్‌కైతే, కాగితం పరీక్ష. రీలుకీ కింది బ్లేడుకీ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, రీలుని చేత్తో జాగ్రత్తగా తిప్పాలి. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కాగితం శుభ్రంగా తెగితే సెట్టింగు సరిగ్గా ఉన్నట్టు. ఎక్కడ నలుగుతుందో అక్కడ సందు ఉన్నట్టు.

ఒక్క కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకి మించి తీయకూడదన్న మాట నేను చాలాసార్లు విన్నదే. కానీ లెక్క వేసి చూసుకోలేదు. 30 మిల్లీమీటర్ల ఎత్తున ఉంచాలంటే 45 దాటకముందే కోయాలి. సెలవులకి వెళ్లొచ్చి, మోకాలిదాకా పెరిగినదాన్ని ఒకేసారి నున్నగా గొరిగేస్తే గడ్డి వేళ్లు ఎదగడం మానేస్తాయి. ఆ పని నేను ఎన్నిసార్లు చేశానో అడక్కండి.

మూడో రోజు నీళ్లు. ఒకే సైజు కప్పులు స్ప్రింక్లర్ల మధ్య వరసగా పెట్టి పావుగంట తిప్పారు. ఒక కప్పులో 4 మిల్లీమీటర్లు, పక్క వరసలో 11. గడ్డి ఎండిందని మనం టైమర్ పెంచుతాం. దాంతో ఎండిన చోట అంతంతమాత్రంగా తడుస్తుంది, తడిసిన చోట మడుగు అవుతుంది. ఇంటికొచ్చాక నా గ్రౌండ్‌లో ఇదే చేశాను. ఒక మూల స్ప్రింక్లర్ తల పక్కకి ఒరిగి, సగం నీళ్లు కంచె మీదికి కొడుతోంది. నిటారుగా నిలబెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ మూల ఎప్పుడూ పండిపోయి ఉంటుందని నేను తిట్టుకోని రోజు లేదు.

ఆ మధ్యాహ్నం జరిగింది మాత్రం మర్చిపోలేను. క్లెగ్ హామర్ అని ఒక పరికరం తెచ్చారు. 2.25 కిలోల బరువుని గొట్టంలో 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే, నేల ఎంత గట్టిగా ఉందో అంకె చూపిస్తుంది. మాలో అందరికన్నా పెద్దాయన ఒకరున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసు, మాట తక్కువ. ఆయన చెప్పులు విడిచి, మడమతో నొక్కుకుంటూ ఆరు చోట్లు తిరిగి, "ఇది అన్నిటికన్నా రాయి, ఆ తర్వాత గోల్ దగ్గర, ఆ తర్వాత అదిగో అది" అని వరస చెప్పేశారు. తర్వాత హామర్‌తో కొలిచారు. అదే వరస. ఒక్కటీ తప్పలేదు. ట్రైనర్ నవ్వి, "పెద్దాయనా, మీ మడమకి బ్యాటరీ అక్కర్లేదు" అన్నాడు. గోల్ ముందు, గట్టిపడ్డ నేలకి రంధ్రాలు చేసే బోలు మేకుల మెషిన్ తోలితే వేలెడంత మట్టి కడ్డీలు బయటికొచ్చాయి. ఒకటి విరిచి చూపించాడు. వేళ్లు పైన రెండు అంగుళాల దాకే దిగి, అక్కడ గట్టి పొర తగిలి అడ్డంగా తిరిగాయి. అలాంటి చోట ఎరువు చల్లి లాభం లేదని వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఎరువు లెక్క కూడా బాగా చెప్పారు. యూరియాలో నత్రజని 46 శాతం. వెయ్యి చదరపు మీటర్లకి 5 కిలోల నత్రజని కావాలంటే సుమారు 11 కిలోల యూరియా. దాన్ని సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాలి. ఒకే దిక్కున చల్లితే చారలు పడతాయి. నా చారల చరిత్ర ఇంకో రోజు చెప్తాను.

ఇక కోపం తెప్పించినవి. మందుల పిచికారీ గురించి నాలుగో రోజు సాయంత్రం, అందరూ అలసిపోయాక, నలభై నిమిషాల్లో ముగించేశారు. మనిషి ఒంటికి హాని జరిగే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ ఉన్న పని అది. ఉత్త నీళ్లు పోసి, నాజిల్ నుంచి నిమిషానికి ఎంత పడుతోంది, మన నడకకి ఎంత నేల తడుస్తోంది అని ఎవరికి వారు కొలుచుకుంటే సరిపోయేది. దాన్నీ తెర మీదే చూపించారు. ఇరవై నాలుగు మందికి రీల్ మొవర్ ఒక్కటే. నా వంతు వచ్చేసరికి చీకటి పడింది.

పార్కుల వాళ్లకి ఇంకా అన్యాయం. పేరులో పార్కులు ముందున్నా పాఠంలో వెనకే. చెట్ల మీద ఒక్క గంట. గడ్డి ట్రిమ్మర్ తీగ తగిలి బెరడు చుట్టూ లేచిపోతే చెట్టు చచ్చిపోతుందని, మొదలు చుట్టూ గడ్డి లేకుండా వలయం వదలమని చెప్పారు. మంచి మాటే. వాలు నేల మీద మెషిన్ ఎలా తోలాలి, కోయబోయే ముందు గాజుపెంకులూ రాళ్లూ ఎలా ఏరాలి అన్నవి మాత్రం ప్రశ్నలు అడిగితే తప్ప రాలేదు.

చివరి రోజు రాత పరీక్ష. ముప్పై ప్రశ్నలు, అన్నీ కాగితం మీదే. మడమతో నేల చదివిన పెద్దాయన అందులో తప్పారు. నేను పాసయ్యాను, కాగితం పరీక్ష గురించి కాగితం మీద రాసి. పని చేయించి మార్కులు వేసే ఏర్పాటు ఉండాలని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను. జవాబు రాలేదు.

వెళ్లాలా వద్దా అంటే, వెళ్లండి. చేరే ముందు మాత్రం మైదానంలో ఎన్ని గంటలు, మెషిన్లు ఎన్ని, పరీక్ష ఎలా ఉంటుందో రాతపూర్వకంగా అడగండి. మీ గ్రౌండ్ నుంచి నాలుగు అంగుళాల లోతు మట్టిని పదిహేను చోట్ల తీసి కలిపి ఒక సంచిలో, మీ పాత బ్లేడు గుడ్డలో చుట్టి ఇంకో సంచిలో పట్టుకెళ్లండి. నేను ఖాళీ చేతులతో వెళ్లాను. రెండో రోజు అందరూ ఎవరి బ్లేడు వాళ్లు రుద్దుకుంటుంటే పక్కవాడి బ్లేడు అరువు తెచ్చుకున్నాను.