కాంటర్బరీ, లాంబెత్, యార్క్: ఆర్చిబిషప్పుల పీఠాల మధ్య అయిదు రోజులు

దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌లో బిషప్పుగారి కుర్చీని చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగినందువల్ల, ఆ పదవి మన దాకా ఏ దారిన వచ్చిందో ఆ దారి మొదలు చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉండేది. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషనులో వేగపు రైలు ఎక్కితే సుమారు గంటలో, ఇంగ్లండ్ (ఆంగ్లికన్) సంఘపు ప్రధాన ఆర్చిబిషప్పు, అంటే బిషప్పులకు పెద్ద, పీఠమున్న కాంటర్బరీ చేరవచ్చు. అక్కడ మొదటి రెండు రాత్రులు ఊళ్లో చవకగా దొరికిన గదిలో గడిపాను. రాత్రి తొమ్మిదికే హీటరు ఆగిపోయేది, అడిగితే అదనపు దుప్పటి ఒకటి ఇచ్చి ఊరుకున్నారు. మూడో రాత్రి కెథడ్రల్ ఆవరణలోనే ఉన్న లాడ్జికి మారాను. అద్దె ఎక్కువే గాని, సందర్శకులు వెళ్లిపోయాక ఆ గోపురాన్ని కిటికీలోంచి చూడగలగడం వల్ల ఖర్చు బాధించలేదు.

ప్రధాన బలిపీఠం వెనుక, మెట్ల పైన, సెయింట్ అగస్టీన్ కుర్చీ ఉంది. తొలి ఆర్చిబిషప్పు అగస్టీన్ 597లో ఇక్కడికి వచ్చినా, ఈ పర్బెక్ రాతి కుర్చీ 13వ శతాబ్దపుదని అంటారు. చెక్కడం పనితనమేమీ లేని, మొద్దుగా కనిపించే ఆసనం. కొత్త ఆర్చిబిషప్పును సంప్రదాయంగా రెండుసార్లు కూర్చోబెడతారు: గాయకబృందపు స్థలంలోని ఆసనంలో కాంటర్బరీ అధ్యక్షఖండపు (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతపు) బిషప్పుగానూ, ఈ రాతి కుర్చీలో ఇంగ్లండంతటికీ ప్రధాన బిషప్పుగానూ. మొదటి ఆసనానికి సంబంధించిన రోజువారీ పనిని నిజానికి డోవర్ బిషప్పు చూసుకుంటారు. ప్రపంచవ్యాప్త ఆంగ్లికన్ సహవాసానికి, అంటే ఇంగ్లండ్ సంఘంతో అనుబంధమున్న సంఘాల కూటమికి, సంబంధించిన మూడో పాత్రకు గుర్తు నేలమీద ఉంది: 1988లో పొదిగిన ఇత్తడి దిక్సూచి. దాని చుట్టూ గ్రీకులో 'సత్యము మిమ్మును స్వతంత్రులనుగా చేయును' అని రాసి ఉంది. ఈ మూడో పాత్రలో ఆర్చిబిషప్పు సమానులలో ప్రథములు మాత్రమే. 1867లో మొదలైన లాంబెత్ సభకు (ఆ సహవాసపు బిషప్పుల సమావేశానికి) బిషప్పులను పిలవగలరు గాని, మన దక్షిణ ఇండియా సంఘానికి ఒక్క ఆజ్ఞ కూడా ఇవ్వలేరు. మన సంఘాధిపతి అయిన మోడరేటర్ గారు ఆ సహవాసపు ప్రైమేట్ల (సంఘాల ప్రధాన బిషప్పుల) సమావేశంలో వారి సరసనే కూర్చుంటారు. 2025 అక్టోబరులో సారా ములాలీ గారి పేరు ప్రకటించినప్పుడు, ఈ పీఠానికి తొలిసారి ఒక స్త్రీ ఎంపికయ్యారు.

కాంటర్బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్‌ను 1170 డిసెంబరు 29న నరికి చంపిన చోట కొంతసేపు నిలబడ్డాను. మా దోర్నకల్ తొలి బిషప్పు అజరయ్య గారు 1912లో కలకత్తాలో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిందీ డిసెంబరు 29నే కావడం అక్కడే గుర్తుకొచ్చింది. సాయంకాల ఆరాధనకు టికెట్ అక్కర్లేదు. పగటి టికెట్‌తో చూసినదానికంటే ఆ ఆరాధనలోనే నాకు ఎక్కువ అర్థమైంది.

లండన్‌లో లాంబెత్ భవనం ఆర్చిబిషప్పు నివాసం, కార్యాలయం. మామూలు రోజుల్లో లోపలికి వెళ్లనివ్వరు కాబట్టి దానికోసం ప్రత్యేకంగా గది తీసుకోవడం వృథా; పక్కనున్న గ్రంథాలయానికి ఒక పూట చాలు. నది దాటితే పార్లమెంటు. దాని ప్రభువుల సభలో 26 మంది బిషప్పులకు స్థానముంది; కాంటర్బరీ, యార్క్, లండన్, డరమ్, విన్‌చెస్టర్ బిషప్పులకు అది పదవితోనే వస్తుంది.

కింగ్స్ క్రాస్ నుంచి యార్క్‌కు రైలులో రెండు గంటలు. అక్కడి ఆర్చిబిషప్పు 'ప్రైమేట్ ఆఫ్ ఇంగ్లండ్', కాంటర్బరీ వారు 'ప్రైమేట్ ఆఫ్ ఆల్ ఇంగ్లండ్'. పెద్దరికం కోసం శతాబ్దాలు నడిచిన తగవును 14వ శతాబ్దంలో పోపు ఆ ఒక్క మాట తేడాతో సర్దారు. కాంటర్బరీ కింద 30 అధ్యక్షఖండాలు ఉన్నాయనీ, తమ కింద 12 ఉన్నాయనీ చెప్పిన మిన్‌స్టర్ (యార్క్ కెథడ్రల్) స్వచ్ఛంద సేవకురాలు, మా ఊరి కెథడ్రల్ గురించి అడిగి మరీ తెలుసుకున్నారు. బస మిన్‌స్టర్‌కు నడిచి వెళ్లే దూరంలోనే, శుభ్రంగా ఉంది. ఉదయం ఫలహారం వేడిగా పెట్టారు. ఊజ్ నది ఒడ్డున బిషప్‌థార్ప్‌లో ఉన్న ఆర్చిబిషప్పు నివాసాన్ని గేటు బయటి నుంచే చూసి, చీకటి పడుతుండగా బస్సెక్కాను. మళ్లీ వెళితే లండన్ రోజును తగ్గించి యార్క్‌కు ఇస్తాను.