ఇంట్లో కాగితం తయారీ కిట్ కొనాలనుకుంటున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

పాత కాగితాలతో ఇంట్లోనే కొత్త కాగితం చేయండి, యంత్రం మేమిస్తాం, తయారైన సరుకంతా మేమే తిరిగి కొంటాం. ఈ మాటలతో కిట్లు అమ్మేవాళ్ల దగ్గర నేను కొన్నాను. డబ్బు పోయింది, సరుకు ఇంట్లోనే పడి ఉంది. ఇంకొకరు ఇలా ఇరుక్కోకూడదనే రాస్తున్నాను.

ముందు డెమో సంగతి. తొట్టిలోంచి తడి షీటు ఎత్తి చూపిస్తారు. అది ఆరడానికి గంటలు పడుతుంది కాబట్టి, ముందే చేసిపెట్టిన ఎండు షీటు ఒకటి చేతికిస్తారు. దళసరిగా, గట్టిగా, ముచ్చటగా ఉంటుంది. దాన్ని కాస్త చింపి అంచు చూడండి. పొడవాటి పీచులు వేలాడుతుంటే అది పత్తి గుడ్డ ముక్కలతో చేసిన కాగితం. పాత ఆఫీసు కాగితాల నుంచి అలాంటి అంచు రాదు. మీ ఇంటి చిత్తు కాగితాలు మీరే తీసుకెళ్లి, వాటితోనే షీటు చేయించి, మర్నాడు వెళ్లి ఎండిన షీటు చూడండి. ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి.

‘గుజ్జు యంత్రం’ అని పంపింది పెద్ద మిక్సీ, అంతే. కాగితానికి బలం పీచులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, అతుక్కోవడం వల్ల వస్తుంది. అసలైన బీటర్ (గుజ్జును దంచే యంత్రం) పీచును నలిపి, దాని పైపొరను నూగులా విచ్చుకునేలా చేస్తుంది. మిక్సీ బ్లేడు మాత్రం కోసేస్తుంది. రీసైకిల్ చేసిన ప్రతిసారీ పీచు ఎలాగూ పొట్టిదవుతుంది, దాన్ని ఇంకా తరిగితే షీటు మడత దగ్గరే పుటుక్కున విరుగుతుంది. సరదాగా నాలుగు కార్డులు చేసుకోవడానికి వంటింటి మిక్సీయే చాలు, దానికి యంత్రం ధర పెట్టక్కర్లేదు.

ఏ కాగితమైనా పనికొస్తుందని కరపత్రంలో రాశారు. అది అబద్ధం. న్యూస్‌పేపర్‌లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది కాబట్టి షీటు కొన్నాళ్లకే పసుపు తిరుగుతుంది. నిగనిగలాడే పత్రికల కాగితంలో పూతమట్టి ఎక్కువ, పీచు తక్కువ. షాపు బిల్లుల థర్మల్ కాగితంలో తరచూ బిస్ఫినాల్ లాంటి రసాయనాలుంటాయి, దాన్ని అసలు కలపొద్దు. ఇక సైజింగ్ గురించి, అంటే కాగితం ఇంకును పీల్చేయకుండా గంజి లాంటిది పట్టించడం గురించి, ఒక్క ముక్క చెప్పలేదు. సైజింగ్ లేని షీటు మీద పెన్ను పెడితే ఇంకు నలువైపులా పాకుతుంది. రాయడానికి పనికిరాని కాగితాన్ని నోటుబుక్కుల కోసం ఎవరు కొంటారు?

నీళ్ల మాట కూడా దాచేస్తారు. తొట్టిలో పీచు సుమారు 1 శాతమే ఉండాలి, అంటే కిలో కాగితానికి 100 లీటర్ల నీళ్లు. మళ్లీ వాడుకోవచ్చు గానీ, నిలవుంటే వాసన కొడుతుంది. ఆరబెట్టే చోటు సంగతి సరేసరి.

అన్నిటికంటే బాధ కలిగించింది బైబ్యాక్, అంటే సరుకు తిరిగి కొంటామన్న హామీ. ‘జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువన్న లెక్క) సమానంగా లేదు’ అని నా షీట్లన్నీ తిప్పి పంపారు. గుజ్జు ఎత్తడానికి వాళ్లిచ్చిన ఫ్రేములోనే మెష్ (నీళ్లు వడకట్టే వల) మధ్యలో కుంగి ఉంది. అక్కడ గుజ్జు ఎక్కువ నిలిచి, షీటు నడిమి దళసరిగా, అంచులు పల్చగా వస్తాయి. ఒప్పందంలో ‘మా ప్రమాణాలకు తగినట్లుంటే’ అని ఉంది గానీ, ఆ ప్రమాణాలేమిటో ఎక్కడా లేదు. రాతపూర్వకంగా ఇవ్వమని అడిగినప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

కాబట్టి ఎంత జీఎస్ఎం, ఎంత తేడా వరకు తీసుకుంటారు, ఎన్ని రోజుల్లో డబ్బిస్తారు, ఈ మూడూ ఒప్పందంలో రాయించుకోండి. జీఎస్ఎం మీరే చూసుకోవచ్చు. సరిగ్గా ఏ4 సైజుకు కోసిన 16 షీట్లు దాదాపు ఒక చదరపు మీటరు, వాటిని కలిపి తూచితే ఎన్ని గ్రాములుంటే సగటున అంతే జీఎస్ఎం. విడివిడిగా కూడా తూచండి, షీటుకీ షీటుకీ తేడా అక్కడే తెలుస్తుంది. ఫ్రేము రాగానే తడిపి, మెష్ మధ్యలో వేలితో నొక్కండి. కుంగితే ఆ రోజే ఫొటో తీసి వెనక్కి పంపండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు రసీదు, కరపత్రం, మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి. ఫిర్యాదులో నాకు ఉపయోగపడుతున్నవి అవే.